ఒక్కసారీ ఆగని బండి

మా పద్మక్క భర్త అనంతరెడ్డి బావ కాలధర్మం చెంది నెల దాటింది. ఆ తెల్లవారి అక్క ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ ఎంత లేపినా లేస్తలేడు, జర జల్ది రా" అన్నప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి ప్రశ్న "ఎక్కడ ఆగిందక్కా బండి?" అని. అంతటి దారుణమైన కబురుకు అంత అసంబద్ధమైన జవాబిచ్చిన తమ్ముడు లోకంలో ఇంకొకడు ఉండడు. ఏం చేయను, ఏళ్ల తరబడి ఆ ఇంటి నుంచి నాకు పెందలాడే ఫోన్ వచ్చిందంటే అది బావ కారు గురించే. నేను చేరుకునేసరికి డాక్టరు వచ్చి, చూసి, బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెదడులో రక్తనాళం చిట్లి నిద్రలోనే ప్రాణం పోయిందన్నాడు. నాకు ఏడుపు కూడా వెంటనే రాలేదు. ఒళ్లంతా ఏదో అలసట కమ్మింది. అది ఇప్పటికీ వదల్లేదు.

సంస్మరణ రాసేటప్పుడు అజాతశత్రువు, స్థితప్రజ్ఞుడు, ధీరోదాత్తుడు అని రాయడం ఆనవాయితీ. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఆ విశేషణాలన్నీ నా జేబులోనే ఉన్నాయి. వాటిలో మొదటిది బావకు అక్షరాలా వర్తిస్తుంది. మిగతా రెండూ రాస్తే మెదక్‌లో జనం నవ్వుతారు. బావ భయస్తుడు. అంత ఖరీదైన భయాన్ని ఏరికోరి కొని తెచ్చుకున్న మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

వాళ్లది కుల్చారం దారిలో వ్యవసాయ కుటుంబం. మెదక్‌లో రైసుమిల్లు పెట్టి నిలదొక్కుకున్నారు. రామాయంపేట వైపు హైవే పక్కనున్న భూమి అమ్మిన ఏడాది, ఈయన ప్లాట్లు కొంటాడని మేమంతా అనుకుంటే, హైదరాబాదు పోయి ఒక సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు తెచ్చాడు. విదేశీ బండి, పసుపు రంగు, నేలకు జానెడెత్తు, రెండే సీట్లు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. "గిదేంది అనంతన్నా, పండుకొని నడుపుతరా దీన్ని?" అని అడిగారు. ఎందుకు కొన్నాడో నాకు ఒక్కడికే చెప్పాడు. పెళ్లయిన కొత్తలో హైదరాబాదులో సిగ్నల్ దగ్గర ఇటువంటి కారు ఆగితే, స్కూటరు వెనక కూర్చున్న మా అక్క "అవ్వో, ఇద్దరే కూసునే బండి గూడ ఉంటదా!" అని నోరు తెరిచి చూసిందట. అక్క ఆ మాట ఎప్పుడో మరిచిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఉండేదీ ఇద్దరే.

కొన్న కొద్ది రోజులకే అసలు సంగతి తెలిసింది. ఆ రకం బండ్లకు ఇంజను లోపల ఒక బేరింగు అరిగిపోయే జబ్బు ఉందట. ముందుగా చప్పుడు రాదు, పొగ రాదు. చక్కగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఇంజను మొత్తం పోతుంది. అందరికీ పోదు, ఎవరికి పోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి అమ్మినవాడు చెప్పలేదు, అదే బండి కొని బాధపడుతున్నవాళ్లు చెప్పారు. కామారెడ్డిలో ఒక డాక్టరు, సిద్దిపేటలో ఒక కాంట్రాక్టరు, హైదరాబాదులో మరికొందరు కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున లేస్తే అందులో ఇంజన్ల ముచ్చటే. బండి బయటికి తీసిన ప్రతిసారీ తిరిగొచ్చి షెడ్డులో పెట్టగానే బావ అందులో "ఇంజను బాగుంది" అని రాసేవాడు. "చప్పుడు జేసే బండితోని భయం లేదు బామ్మర్దీ, చప్పుడు జేయకుంట పోయేదే ఖతర్నాక్" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఆ భయంతోనే, ఎవరి కోసం కొన్నాడో ఆ మనిషిని ఒక్కనాడూ ఆ కారులో కూర్చోబెట్టలేదు. ఏటా దసరాకు బండికి పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, అక్క ఆశగా చూస్తుంటే, "జర నమ్మకం రానియ్యి పద్మా. తొవ్వల ఆగితే నిన్ను రోడ్డు మీద నిలవెట్టుడు నాతోని గాదు. వచ్చే దసరాకు కూసుందువు" అనేవాడు. అక్క "నేనేమన్న అడిగిన్నా" అని లోపలికి పోయేది.

ఇక నా పాత్ర. ఆదివారం తెల్లవారగానే బావ కారు తీసి రామాయంపేట దాకా పోయి వచ్చేవాడు. వెనకాల నా పాత డీజిల్ జీపులో నేను పోవాలి. ఇంజను ఆగితే లాక్కు రావడానికి వెనక సీటు కింద నైలాన్ తాడు. నా పక్కన అక్క. ఇదీ మా ఊరేగింపు. గాలితో పందెం వేయడానికి పుట్టిన బండిని బావ ఎడ్లబండిలా తోలేవాడు. కూరగాయల ఆటోలు దాటిపోయేవి, పాల మోపెడ్లు దాటిపోయేవి. ఒకసారి గడ్డి ట్రాక్టరు కూడా హారన్ కొట్టి మరీ దాటింది. అక్క ముందున్న ఆ పసుపు బండిని చూస్తూ, "ఉరుకుతందుకు జేసిన దాన్ని తోలుకపోయి మేపుతుండు మీ బావ" అనేది. నాకు విసుగు. ఆదివారం పూట నిద్ర లేదు, పేపరు లేదు. ఆయన బండి వెనక ఎర్ర లైట్లు చూస్తూ చూస్తూ నా కళ్లు పోయాయి. ఆ విసుగు ఆయన బతికి ఉండగా చాలాసార్లు చెప్పాను. "నువ్వు వెనక ఉన్నవనే గద బామ్మర్దీ నేను ముందట పోతున్న" అనేవాడు. మళ్లీ ఆదివారం జీపు తీసేవాణ్ణి.

ఒక ఆదివారం నిజంగానే దారిలో ఆగాడు. నాకు, అబద్ధమెందుకు, లోపల కొంచెం సంతోషమైంది. వెంటనే తాడు తీశాను. బావ ముఖం పాలిపోయి ఉంది. "టక్కుటక్కు మంటుంది, ఇనవడుతుందా?" అన్నాడు. ముగ్గురం రోడ్డు పక్కన చెవులు రిక్కించి నిలబడ్డాం. ఆగిన బండిలో ఏ చప్పుడూ లేదు. మెల్లగా నడిపిస్తే మళ్లీ టక్కుటక్కు. చివరికి అక్క వంగి చూసి పకపకా నవ్వింది. దిష్టి తగలకుండా తానే ముందు కట్టిన నిమ్మకాయ, ఎండి రాయిలా అయి, నంబర్ ప్లేటుకు కొట్టుకుంటోంది. తీసేద్దామంటే బావ ఒప్పుకోలేదు. దిష్టి సంగతేమిటి మరి? జేబురుమాలు చింపి నిమ్మకాయకు చుట్టాడు. తాడు కవరు కూడా చింపకుండానే మళ్లీ సీటు కిందికి పోయింది.

గ్రూపులో ఎవరి ఇంజను పోయినా బావ పరామర్శకు వెళ్లేవాడు. ఇది వింటే నవ్వొస్తుంది గానీ, ఆయన నవ్వులాటకు వెళ్లేవాడు కాదు. కామారెడ్డి డాక్టరు బండి ఇంజను పోయినప్పుడు నన్నూ తీసుకుపోయాడు. డాక్టరు ఇంటివాళ్లే ఆయన్ను దెప్పుతున్నారట, కొనొద్దంటే కొన్నావని. ఆ పెద్దమనిషి తన కారు పక్కన కుర్చీ వేసుకుని తల వంచుకుని కూర్చున్నాడు. బావ ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తర్వాత, "మంచిగ చూసుకున్నరు డాక్టర్ సాబ్. మీ తప్పేం లేదు" అన్నాడు. లేచేటప్పుడు చావింటి నుంచి లేచినట్టే, "వస్త" అని చెప్పకుండా చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఆ డాక్టరు కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. ఎదుటివాడి దుఃఖం పెద్దదా చిన్నదా అని తూకం వేయకుండా పక్కన కూర్చోగలగడం ఒక సంస్కారం. నేను ఇన్నేళ్లు పాఠాల్లో చెప్పిన కరుణ రసం అంతకంటే పెద్దదేమీ కాదు.

రేగోడ్‌లో ఒక పెళ్లికి పోయినప్పుడు మాత్రం అక్క నోరు తెరిచి అడిగింది. కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చి కారు తలుపు దగ్గర నిలబడింది. "ఇయ్యాల నేను మీతోనే వస్త. ఆగితే ఆగనీ" అంది. బావ రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. "పట్టుచీరెల నిన్ను తొవ్వల నిలవెట్టి నలుగురితోని నవ్విపియ్యాల్నా?" అన్నాడు, మెల్లగా. అక్క వచ్చి నా జీపు ఎక్కింది. ఆ దారంతా ఆమె ముందుకు చూడలేదు, పక్కన పొలాలు చూస్తూ కూర్చుంది. కారు ఆ రోజూ ఆగలేదు.

బావ పోయాక వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు: "ఇంజను చూసుకున్నంతగా ఒళ్లు చూసుకోలేదు పాపం." చెప్పిన ప్రతివాడూ తానే కనిపెట్టినట్టు చెప్పాడు. విని విని అలసిపోయాను. అది నిజం కాదు, ఇక్కడ రాసిపెడుతున్నాను. బావ బీపీ మాత్ర ఒక్క పూటా తప్పలేదు. పొద్దున నడిచేవాడు. ఉప్పు మానేశాడు. ఏ జాగ్రత్త తీసుకోవాలో అన్నీ తీసుకున్నాడు, అయినా పోయాడు. ఈ సంగతి జనానికి మింగుడు పడదు, అందుకే ఏదో ఒక తప్పు వెతుకుతారు.

అంత్యక్రియల నాడు గ్రూపువాళ్లంతా వచ్చారు. ఒక్కరూ తమ స్పోర్ట్స్ కారులో రాలేదు. "చావుకు పోయే తొవ్వల ఆగితే మంచిగుండదని..." అని సిద్దిపేట కాంట్రాక్టరు నసిగాడు. బావ ఉంటే మెచ్చుకునేవాడు. దహనం కుల్చారం దారిలోని సొంత పొలంలో. ఎవరో దాత ఊరికిచ్చిన వైకుంఠరథంలో బావను పడుకోబెట్టారు. అలవాటు ప్రకారం నా జీపు వెనకాల, అక్క నా పక్కన. ఊరు దాటిన కొంత సేపటికి ముందు బండి రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. డ్రైవరు దిగి, తల గోక్కుని, "ఇంజను వోయింది సార్, కదల్తలేదు" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. జన్మంతా ఇంజన్ల గురించి దిగులుపడ్డ ఆ గుంపంతా నడిరోడ్డు మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క నా వైపు తిరిగి, "తాడున్నది గద తమ్మీ" అంది.

కవరు నేనే చింపాను. కామారెడ్డి డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని ముడి వేశాడు. జీపును ముందుకు తెచ్చి, మెల్లగా, చాలా మెల్లగా, బావ నడిపే వేగంతోనే పొలం దాకా లాక్కుపోయాను. దారంతా అద్దంలో ఆ రథం కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ ముందు పోయే మనిషి మొదటిసారి నా వెనక వచ్చాడు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పని అయ్యాక తాడు చుట్టబోతుంటే మా పెద్దనాయన, "ఇడువు బిడ్డా, గీడికి వచ్చిన వస్తువు ఇంటికి తీస్కపోవద్దు" అన్నాడు. గట్టు మీద వదిలేసి వచ్చాను.

దినాలు అయ్యాక కామారెడ్డి డాక్టరు మళ్లీ వచ్చాడు. కారు అమ్మాలంటే కొనేవాళ్లను చూస్తానన్నాడు. అక్క తలాడించింది. "అమ్ముదాం సార్. ఒక్కపారి కూసున్నంక" అంది. మాసికం కాకముందే ఆడమనిషి ఆ కారులో తిరుగుడేందని చుట్టాలు గొణిగారు. అక్క విననట్టే ఉండిపోయింది. మాసికం ముగిసిన మర్నాడు ఆదివారం. పాత చీరే కట్టుకుని వచ్చి, వంగి, ఇబ్బందిగా లోపలికి జారి కూర్చుంది. నేను తాళం తిప్పాను. ఇన్నాళ్లు కదలక పడి ఉన్న బండి మొదటి తిప్పుకే పలికింది. అక్క ఉలిక్కిపడి, తర్వాత ముందున్న నల్లటి డ్యాష్‌బోర్డును చేత్తో తుడిచింది.

రామాయంపేట దారి పట్టాం. ఇంజను నీళ్లు పారినట్టు సాఫీగా నడుస్తోంది. కొంతదూరం పోయాక అక్క వెనక్కి తిరిగి చూసింది. ఖాళీ రోడ్డు. తాడు లేదు, జీపు లేదు. నేను వేగం తగ్గించాను. బావ భయం ఎలాంటిదో ఆ కాసేపట్లో నాకు తెలిసింది. ఆయన ఎప్పుడూ బండి తిప్పే చోటికి రాగానే నేను బ్రేకు మీద కాలు పెట్టాను. "తిప్పకు. ఇంక జర దూరం పోదాం" అంది అక్క. పోయాం.

ముందున్న రోడ్డునే చూస్తూ అక్క అంది. "గీ బండి ఒక్కపారన్న ఆగితె మంచిగుండు తమ్మీ. మొదట్లనే ఆగితె, నువ్వు లాక్కొస్తుంటివి. మీ బావ పక్కన నేను కూసొని ఇంటిదాక వస్తుంటి. ఆగినా ఏం కాదని ఆయనకు ఎర్కయితుండె."

ఇక సంస్మరణ ముగింపు. అటువంటి మనిషి మెదక్‌లో మళ్లీ పుట్టడని, ఆయన లేని లోటు తీరదని రాయాలి. రాస్తున్నాను, అది నిజం గనుక. ఇంటికొచ్చి కారు షెడ్డులో పెట్టాక అక్క బావ ఫోన్ నా చేతికిచ్చి గ్రూపులో రాయమంది. ఏం రాయాలో చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు.

బావా, ఇంజను బాగుంది. నీకు చేతులెత్తి నమస్కరించి లేస్తున్నాను. వస్తానని మాత్రం చెప్పడం లేదు.