మూడో పిండం

నాందేడ్ జిల్లా మొత్తంలో జన్యువుల గుసగుస విని పిండాన్ని ఎంచిన మొదటివాణ్ణి నేనే. పెళ్ళి పంక్తుల్లో ఇప్పటికీ చెబుతుంటాను: ముంబైకి ఫోను చేసేముందు డాక్టరమ్మ నన్ను అడిగేదని, అట్లా ఓ యాభై పిండాల సంగతి తేల్చి ఇచ్చానని. వినేవాళ్ళు అన్నం కలపడం ఆపి నోళ్ళు తెరుస్తారు.

యాభై కాదు, మూడు. తేల్చింది నేను కాదు. నేను చేసింది ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడమే. అదీ సరిగ్గా చేయలేదు.

రెండు వేల ఐదో, ఆరో. మోండా అంగడిలో మాది విత్తనాల దుకాణం. గల్లా మీద నేను, కాంటా దగ్గర తమ్ముడు. వాడికి పెళ్ళై ఎనిమిదేళ్ళు, పిల్లలు లేరు. ఊళ్ళో టెస్ట్‌ట్యూబ్ దవాఖాన తెరిస్తే వాడు, మరదలు, నేను, ముగ్గురం పోయాం. మరదలిది నిజామాబాద్ వైపు పల్లె, అప్పటికి మరాఠీ రాదు. డాక్టరమ్మకు తెలుగు రాదు. తమ్ముడికి రెండూ వచ్చు గాని, మా ఇంట్లో పెద్దన్న కూర్చున్నచోట చిన్నవాడు నోరు తెరవడు. మా నాన్న ముందు చిన్నాయన కూడా అంతే. అందుకని మధ్య కుర్చీ నాదయింది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అండం చుట్టూ చిన్న కణాల పొర ఉంటుందట. మామూలుగా దాన్ని తీసి పారేస్తారట. ముంబైలో ఒక ల్యాబువాళ్ళు ఆ కణాల్లో ఏ జన్యువులు గట్టిగా పనిచేస్తున్నాయో, ఏవి ఊరుకున్నాయో చూసి, ఏ పిండం నిలిచేదీ ముందే అంచనా కడుతున్నారట. "ఇంకా పరిశోధనలోనే ఉంది శేఠ్. పక్కా అని నేననను. అమ్మాయి ఒప్పుకుంటేనే పంపిస్తాను."

"పిండాన్ని కోస్తరా బావా?" అని మరదలు భయంగా అడిగింది.

"కోయరు. మీది పొట్టు ఒల్చి చూస్తరు. గట్టి గింజనో తాలు గింజనో పొట్టే చెప్తదట."

ఇంతవరకు నన్ను నేనే మెచ్చుకున్నాను. నాలుక అక్కడితో ఊరుకోలేదు. "నీ కాడ అన్నీ తాలే అని తేలిందనుకో, మాకు గీ దవాఖాన తిరుగుడన్న తప్పుతది."

ఆమె తలవంచుకుని సంతకం చేసింది. తమ్ముడు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

మూడు పిండాలు వచ్చాయి. రిపోర్టు వచ్చేదాకా వాటిని గడ్డకట్టించి దాచారు. "ముంబై నుంచి ఫోనచ్చిందా బావా?" అని మరదలు రోజూ పొద్దున అడిగేది. ఫోను వచ్చాక కూడా రెండు రోజులు రాలేదని చెప్పి ఆమె మొహం చూస్తూ చాయ్ తాగాను.

డాక్టరమ్మ ఫొటోలు పరిచింది. రెండు పిండాలు గుండ్రంగా, కణాలన్నీ సమానంగా, కంటికి ముద్దుగా ఉన్నాయి. మూడోది ఓ పక్కకు ఒరిగింది, ఒక కణం పెద్దది, ఒకటి చిన్నది. రిపోర్టేమో తలకిందులు. ముద్దుగా ఉన్నవాటి పొరలో సంకేతం బలహీనం, వంకరదాని పొరలో బలం. "రెండు పెడతాను. అందులో మూడోది ఉంటే మంచిదని నా మనసు. అమ్మాయిని అడగండి."

అడిగాను. ఆమె ఫొటో మీద వేలు పెట్టింది. "గా వంకరదే పెట్టుమనుండ్రి బావా. దాంతోని ఇంకోటి ఏదైనా సరే."

నేను డాక్టరమ్మ వైపు తిరిగి మరాఠీలో, "ముద్దుగా ఉన్న రెండూ పెట్టమంటోంది. మూడోది దాచడం కూడా వద్దట" అన్నాను. మూడోదాన్ని పారేయమని రాసున్న కాగితాన్ని మామూలు కాగితమని చెప్పి మరదలితో సంతకం పెట్టించాను.

వంకర పిండానికి వంకర బిడ్డే పుడతాడనుకున్నాను. ముడతపడ్డ గింజను చేటలోంచి ఏరి పారేయడమే నాకు తెలిసిన విద్య. అడిగితే డాక్టరమ్మ అది వేరు, ఇది వేరు అని చెప్పేదే. అడగడం నాకు నామోషీ. తమ్ముడు రెండు మాటలూ విన్నాడు. గొంతు సవరించుకున్నాడు. నేను వాడివైపు చూశాను. మళ్ళీ క్యాలెండర్ వైపు తిరిగాడు.

పెట్టిన రెండూ నిలవలేదు.

"వంకరది నిలవలేదా బావా?"

"నిలవలే. నువ్వే కోరి పెట్టించుకుంటివి."

ఆ మాటను మూడేళ్ళు వాడాను. చుట్టాల ముందు, "ఏరుకునుడు మా మరదలి తర్వాతనే ఎవరైనా" అని నవ్వించేవాణ్ణి. తప్పు తనదేనని నమ్మి ఆమె కూడా నవ్వేది. "దాచిన ఇంకోటి ఉన్నది గద బావా" అని అప్పుడప్పుడు అడిగేది. పత్తి సీజన్ అయిపోనీ అనేవాణ్ణి. సీజన్లు పోతూనే ఉన్నాయి.

ఈలోగా ఆమె మరాఠీ నేర్చింది. ఓ రోజు ఒంటరిగా దవాఖానకు పోయి, మిగిలినదాన్ని పెట్టమని అడిగింది. డాక్టరమ్మ ఫైలు తెరిచి అందులో రాసి ఉన్నది చెప్పింది.

మరదలు నేరుగా దుకాణానికి వచ్చింది. ఉమ్రి ఊరి రైతులిద్దరు గల్లా ముందు ఉన్నారు.

"నేను చెప్పిందేంది, మీరు ఆమెకు చెప్పిందేంది?"

"రిపోర్టు పక్కా కాదని డాక్టరమ్మనే అన్నది గద. అది నిలుస్తుండె అని గ్యారంటీ ఏంది?"

"గ్యారంటీ నేనెవ్వర్ని అడగలే. అది నాది. పోతే నా కడుపుల పోవాలె. నువ్వు మోరీల పారబోపిచ్చినవ్."

నన్ను ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు ఇన్నవా, ఇనలేదా?"

వాడు కాంటా ముల్లు మీది నుంచి కళ్ళెత్తలేదు. "అన్న మాట్లాడుతుంటే నడుమ నేనెట్ల మాట్లాడుత?"

"మంచిది. ఇగ అన్నతోనే సంసారం చెయ్యి."

రైతుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆమె ఆ మధ్యాహ్నం బస్సుకే పుట్టింటికి పోయింది. మళ్ళీ రాలేదు.

నాయ్‌గావ్‌లో తమ్ముడికి ఇంకో సంబంధం చూశాను. మొదటామె ఎందుకు పోయిందని పిల్ల తండ్రి అడిగాడు. జేబులోంచి ముంబై రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టాను. అంతా ఇంగ్లీషు. ఆయనకు రాదు, నాకూ అంతంతే.

"లోపమంత ఆమె కాడనే ఉన్నదని ల్యాబోళ్ళు రాసిచ్చిండ్రు" అన్నాను.

ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, కింది ముద్ర చూసి, తలూపాడు.