పేరు ముందు ఆ రెండక్షరాలు

జగ్గయ్యపేట పప్పుల వర్తకులు శేషగిరిరావు గారు ఇక లేరన్న వార్త నందిగామ ప్రెస్సులో ఉండగా నా నెత్తిన పిడుగులా పడింది. ఆయన తన కూతురు వసుంధర పేరిట ఏటా ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్ సభ ఆహ్వానపత్రం ప్రూఫు అప్పుడు నా చేతిలో ఉంది. దాన్ని చూడటానికే బయలుదేరి, బస్సెక్కబోతూ కూలిపోయారట. ప్రెస్సు యజమాని ఫోను పెట్టేసి ఆ సంగతి చెబితే నేను నమ్మలేదు. "ఇప్పుడొస్తారు, ఆయన ఆలస్యం చేసే మనిషి కాదండీ" అని వాదించాను. మృత్యువుతో వాదన పెట్టుకున్న మూర్ఖుణ్ణి.

శేషగిరిరావు గారికి స్థిమితం లేదు. నిందగా అనడం లేదు. తొంభైల మధ్యలో, ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న వసుంధర విషజ్వరంతో కన్నుమూసింది. అప్పటినుంచి ఆ తండ్రికి కాలు ఒక్కచోట నిలవలేదు. కొట్లో గల్లాపెట్టె ముందు ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. నందిగామలో నేను లెక్కల మాస్టర్ని, వసుంధరకూ చెప్పాను. ఆ చనువుతోనే విద్యార్థుల ఎంపిక నాకు అప్పగించారు.

మొదటి ఏడే గొడవపడ్డాం. ఫస్టు క్లాసు వచ్చినవాళ్ళకే ఇద్దామన్నాను నేను.

"ఫస్టు క్లాసోళ్ళని నెత్తిన పెట్టుకోడానికి ఊరంతా ఉందండి మాస్టారూ. తప్పినోళ్ళని చూడండి. మా అమ్మాయి మొదటేడు డ్రాయింగు తప్పింది, మీకు తెలుసుగా?"

తెలుసు. మళ్ళీ రాసి ప్యాసైన నాడు ఊరంతా మిఠాయి పంచారనీ తెలుసు. అందుకే మా స్కాలర్‌షిప్పుకు అర్హత ఒక్కటే: పరీక్ష తప్పినా చదువు మానకపోవడం. ఇలాంటి నిబంధన లోకంలో మరొకటి ఉంటుందనుకోను.

మైలవరం వైపు చదువుతున్న మా స్కాలర్‌షిప్పు అమ్మాయి ఒకతె మళ్ళీ తప్పి, ఇంటికి పోతానని పెట్టె సర్దుకుందని తెలిసింది. శేషగిరిరావు గారు నన్ను వెంటబెట్టుకుని, మండుటెండలో బస్సులు మారి, హాస్టలు గేటు దగ్గర నిలబడ్డారు. ఓదార్చలేదు, కసిరారు.

"నువ్వు మానేస్తే మా పిల్ల చదువు రెండోసారి ఆగినట్టమ్మా. తట్టుకునే ఓపిక నాకు లేదు. పెట్టె లోపల పెట్టు."

ఆ అమ్మాయి ఇవాళ ఇంజినీరు.

ఆయన అసలు కోపమంతా రెండక్షరాల మీద. గతించినవారి పేరు ముందు 'కీ.శే.' అని చేర్చడం ప్రెస్సు వాళ్ళకు చేతికి పట్టిన అలవాటు. కీర్తి మాత్రమే మిగిలినవారని దాని అర్థం. ఏటా వసుంధర పేరు ముందు అది ప్రత్యక్షమయ్యేది. ఏటా ఆయన బస్సు దిగి, ప్రూఫు లాక్కుని కొట్టేసేవారు.

"దానికి కీర్తెక్కడిదండీ, పిచ్చిపిల్ల! మిగిలింది కీర్తి కాదు, ఈ పిల్లలు. తీసెయ్యండి."

వాళ్ళు నాలుక కరుచుకుని తీసేసేవారు. మరుసటేడు మళ్ళీ వేసేవారు.

విధి వైపరీత్యం, ఈసారి ప్రూఫులో ఆ అక్షరాలు లేవు. చూసి సంతోషించవలసిన ఆ ఒక్క ప్రూఫునూ ఆయన చూడలేదు. యజమాని కళ్ళు తుడుచుకుని, ఆహ్వానించేవారి చోట ఉన్న పేరు చూపించాడు. "ఇప్పుడు సారు పేరు ముందు పెట్టాలి కదండీ?"

పెద్దకర్మ నాడు కొడుకు మురళి మెల్లగా కదిపాడు. "ఇకనించి నాన్న పేరు మీద ఇద్దాం మాస్టారూ. కష్టపడింది ఆయనే గదా."

అంతలో శేషగిరిరావు గారి సహధర్మచారిణి అన్నపూర్ణమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. "నాన్న పేరు పెడితే చెల్లి ఎక్కడికి పోద్దిరా? ఆయన అట్టా తిరిగింది దాని పేరు ఆగకూడదనేగా?"

మురళి తల వంచుకున్నాడు. సభ వసుంధర పేరుతోనే జరుగుతుంది.

అయినా నా మనసు కుదుటపడటం లేదు. స్కాలర్‌షిప్ ఎవరైనా ఇస్తారు. తప్పిన పిల్ల పెట్టె సర్దుకుంటోందంటే చెప్పులేసుకుని బయలుదేరే దాతను ఎక్కడినుంచి తేగలం? పుత్రికాశోకాన్ని పరుల బిడ్డల చదువుగా మలచిన ఆ మహనీయుడికి నా అశ్రునమస్సులు.

సభ సంచిక కోసం ఈ వ్యాసం అదే ప్రెస్సుకు వెళుతోంది. ఆయన పేరు ముందు నేను ఆ రెండక్షరాలు రాయలేదు. అలవాటుకొద్దీ వాళ్ళు వేసేస్తారు, నాకు తెలుసు. జగ్గయ్యపేట బస్సు దిగి కొట్టేసే మనిషి ఇక లేడు. నేనే వెళుతున్నాను.