ముసురులో పిప్పి పొగ

మధ్యాహ్నం రెండు గంటలకు బోధన్ చేరాం. మూడు లారీలు, రెండు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు. వాన మాకంటే ముందే చేరింది. సికింద్రాబాద్‌లో బయల్దేరినప్పుడు తుంపర. కామారెడ్డి దాటాక జడివాన. నిజామాబాద్ వచ్చేసరికి ముసురు స్థిరపడిపోయింది, ఎప్పుడు పోతుందో చెప్పని చుట్టంలా.

నిజామాబాద్ మా ఊరే. గంజ్‌లో మాది బెల్లం దుకాణం. లారీలు గంజ్ మీదుగానే పోయాయి. మా నాన్న బెల్లం దిమ్మల మీద గోనెపట్టాలు సర్దుతున్నాడు. నేను చెయ్యి ఊపాను. బర్సాతీ వానకోటు టోపీ కింద ఉన్నది తన కొడుకేనని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? లారీ బురద చిమ్ముతుందేమోనని బెల్లానికి అడ్డంగా నిలబడ్డాడు. నేనైనా అదే చేసేవాణ్ని.

ఫౌజ్‌లో పనిచేశానంటే అందరూ యుద్ధం గురించి అడుగుతారు. నేను చూసిన తూటాలు తక్కువ, నీళ్లు ఎక్కువ. ఇది అరవైల చివర్లో ఒక వానాకాలం సంగతి.

బోధన్‌లో ఒక బడిలో దిగాం. సుబేదారు గోడ మీద బొగ్గుతో మంజీరను గీశాడు. పైన డ్యాం గేట్లెత్తారు. ఒడ్డు పల్లెల్లో జనం మిద్దెలెక్కి ఉన్నారు. వాళ్లను దించి బడికి చేర్చాలి. నన్ను పిలిచి హిందీలో చెప్పాడు.

“నీకు వీళ్ల భాష వచ్చు. రైఫిల్ ఇక్కడ పెట్టు. నోరు తీసుకుపో.”

అది అవమానమో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు. నేను రైఫిల్ కంటే తక్కెడ బాగా పట్టగలనని ప్లటూన్‌లో అందరికీ తెలుసు.

మాకిచ్చిన సామాను: లైఫ్ జాకెట్లు, రెండు తాళ్లు, వెదురు గడలు, మరమరాల బస్తా. పడవకు నాయక్ పెద్ద. అతను కొండ ప్రాంతం మనిషి, నీళ్లంటే పడదు. వెనక వైర్‌లెస్ ఆపరేటరు, సెట్టును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని. ముందు నేను, నోటితో.

దించడం సులువనుకున్నాను. కాదు. వాన మొదలైన రోజు మనిషి అరుస్తాడు, పరుగెడతాడు, దేవుణ్ని తిడతాడు. ముసురు నాలుగోరోజుకు వచ్చేసరికి అవన్నీ అయిపోతాయి. మిద్దెల మీద జనం మమ్మల్ని చూసి లేవలేదు. చెయ్యి పట్టి లేపితే లేచారు, కూర్చోమంటే కూర్చున్నారు. పడవలో ఎవరూ ఈ వాన గురించి మాట్లాడలేదు. పాత వానల గురించి మాట్లాడుకున్నారు. పెద్ద కోడలు కాపురానికొచ్చిన ఏటి వాన. బావి గోడ కూలిన ఏటి వాన. ఒకామె తన చిన్నప్పటి వానను నిన్నటిదిలా చెప్పింది. నిన్న ఏం తిన్నావమ్మా అంటే గుర్తులేదంది.

మా నాన్న దుకాణంలో ఒక సూత్రముండేది. ముసురులో వచ్చిన గిరాకీకి ధర చెప్పొద్దు, ముందు కూర్చోబెట్టాలి. తడిసిన మనిషి బేరమాడడు, ఒప్పుకుంటాడు లేదా లేచిపోతాడు. నేను ఆ సూత్రంతోనే పనిచేశాను. మరమరాలిచ్చేవాణ్ని, పక్కన కూర్చునేవాణ్ని, ఆ తర్వాతే పడవ మాట. సాయంత్రానికి గొంతు పోయింది.

మరునాడు పొద్దున పది గంటలకు ఒక పల్లె. చెరుకు తోటలు మునిగి కొసలు మాత్రం నీళ్లమీద ఊగుతున్నాయి. దారి లేదు, గట్టు లేదు, అంతా ఒకే రంగు. మిద్దెలన్నీ ఖాళీ. ఒక్క మిద్దె మీద పొగ.

రేకు పంచన ఒక ముసలామె. ముందు ఇనుప బొచ్చెలో నిప్పులు. పక్కన చెరుకు పిప్పి కుప్ప. వచ్చే సీజన్లో బెల్లం బట్టీ రాజేయడానికి అటక మీద దాచిన పొడి పిప్పి అది. గుప్పెడు గుప్పెడు వేస్తోంది.

“రా అవ్వా, పడవెక్కు. బోధన్ల బువ్వ పెడుతున్నరు” అన్నాను.

“నేను రాను బిడ్డా. మా ముసలాయన రావాలె.”

“యాడికి పోయిండు?”

“బర్లను తోలుకొస్తనని అవతలి మెరకకు పోయిండు. గంతల్నే నీళ్లొచ్చినయి. ఆయనకు సూపానదు. ఇండ్లన్ని ఒక్క తీరుగున్నయి. ఈ పొగ వాసన పట్టుకోనే వస్తడు.”

పొడి బట్టలన్నాను. వేడి చాయ్ అన్నాను. బడిలో నీ ఈడు ఆడవాళ్లు బోలెడుమంది, మాట్లాడుకోవచ్చన్నాను.

“నాకు మాటలెందుకు?” అంది.

“పిప్పి మొత్తం ఒక్కసారె వెయ్యి. ఆయన వచ్చేదాక మండుతది” అన్నాను.

ఆమె నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. “నువ్వు యే ఇంటి పిల్లగానివి? పిప్పి భగ్గుమని లేస్తది, బూడిదైతది. చెయ్యి ఉండాలె దానికి.”

నాయక్ గోడ మీద గడతో కొట్టాడు. పెళ్ల ఊడి నీళ్లలో పడింది. “గోడలు నానాయి. తొందరగా తేల్చు.”

“అవ్వా, గోడ కూలుతది.”

“గట్లయితె నువ్వు కూసో. నువ్వు పొగ ఆగకుంట సూడు, నేను ఎక్కుత.”

బేరం అక్కడ ముగిసింది. గంజ్‌లో పుట్టి పెరిగినవాణ్ని, ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఓడిపోలేదు. ఆపరేటరు సెట్టులో అడిగాడు. సుబేదారు గొంతు గరగరమంది.

“ముసలామెను తెండి. వాడు కూర్చోనీ. గంటలో పడవ తిరిగి పోవాలి. ఓవర్.”

పడవలో కూర్చుని ఆమె ఒకటే చెప్పింది. “జరజర వెయ్యి. పాడుచెయ్యకు.”

వాళ్లు పోయారు. నేను పిప్పి వేశాను. ఆరినట్టయితే ఊదాను. నాయక్ వదిలిపోయిన తాడు నడుముకు చుట్టుకుని రెండోకొసను రేకు గుంజకు కట్టాను. గోడ కూలితే గుంజ కూడా కూలుతుందని కట్టాక తోచింది. భయం వేయాలి. వేయలేదు. ఇల్లు గుర్తుకు తెచ్చుకుందామనుకున్నాను. వానాకాలం మా ఇంట్లో గట్టిగా ఎవరూ మాట్లాడేవారు కాదు. బెల్లం చెమ్మెక్కితే నాన్న మొహమూ చెమ్మెక్కేది. గోనెపట్టాలు కనబడ్డాయి, వాసన వచ్చింది, నాన్న మొహం మాత్రం రాలేదు. ముందురోజే చూసిన మొహం. వాన చప్పుడు తలలోపల ఎక్కడో పడుతున్నట్టుంది. వేశాను, ఊదాను.

అప్పుడు కొమ్ములు కనబడ్డాయి. ఒక బర్రె, దాని వెనక ఇంకొకటి. రెండోదాని తోక పట్టుకుని ఒక తల, నెత్తిన రుమాలు. సూటిగా పొగ మీదికే వస్తున్నారు. నేను లేచి నిలబడి చేతులూపాను.

అదే తప్పయింది. చూపానని మనిషికి కూడా దగ్గరికొచ్చాక తెలుస్తుంది కదా, బొచ్చె దగ్గర ఉన్నది తన ఆడమనిషి కాదని. ఇంటి మీద ఫౌజీవాడు. ఆయన ఏం అనుకున్నాడో నాకు అక్కడినుంచే తెలిసింది. తోక వదిలేశాడు.

అరవలేదు, మునగలేదు. వదిలేశాడంతే. బర్రె ముందుకొచ్చింది, ఆయన పక్కకు జరగసాగాడు.

“అవ్వ బతికే ఉన్నది! బోధన్ల సల్లగున్నది! తాడు పట్టు బాపూ!”

నడుముకున్న తాడు విప్పి విసిరాను. భుజం మీద పడింది. పట్టుకోలేదు.

“గట్లనే అంటరు” అన్నాడు, నాతో కాదు, నీళ్లతో.

తియ్యటి మాటలన్నీ చెప్పాను. బువ్వ తిన్నదన్నాను, నవ్విందన్నాను. ఒక్కటీ అమ్ముడుపోలేదు. తాడు భుజం మీదినుంచి జారిపోతోంది. చివరికి కోపమొచ్చింది.

“ఓ ముసలోడా! ఆమె నిన్ను తిట్టుకుంట కూసున్నదాడ! తాడు పడ్తవా పట్టవా?”

ఆయన తల తిప్పాడు. “ఏమన్నది?”

ఆమె ఏమీ అనలేదు. అయినా నాది దుకాణదారు నాలుక. “బర్లకోసం ఇల్లాలిని నీళ్లల్ల ఇడిసిపెట్టి పోయిన మొగోడు మొగోడేనా అన్నది!”

 అది ఆమె మాటేనని తేల్చుకున్నట్టున్నాడు. తాడు పట్టుకున్నాడు.

పైకి లాగాను. బర్రెలు కూలిన కొట్టం గుట్ట మీదికెక్కి నిలబడ్డాయి. ఆయన నాకేసి చూడనైనా లేదు. బొచ్చె ముందు కూర్చుని పిప్పి వేయసాగాడు.

“ఇంకెందుకు బాపు? వచ్చినవు గదా?”

“కర్రెది రాలె ఇంక.”

ఇద్దరం కూర్చుని నల్లబర్రె కోసం పొగ పెట్టాం. అది రాలేదు. పడవ వచ్చింది. నాయక్ ఆయన్ని చూసి, నన్ను చూసి, గడ అందించాడు.

బడి వరండాలో అవ్వ గోడకానుకుని కూర్చుంది. ఆయన మెట్లెక్కాడు. నేను వెనకే నిలబడ్డాను, ఏదో చూద్దామని.

“వచ్చినవా? కర్రెది?”

“రాలె.”

ఆమె జరిగి చోటిచ్చింది. ఆయన రుమాలు పిండుకుని పక్కన కూర్చున్నాడు. అంతే. మరమరాల బస్తా దగ్గరికి వెళ్లి నేనూ ఒక గుప్పెడు తిన్నాను.

నీళ్లు తీశాక వెనక్కి పంపారు. నిజామాబాద్‌లో లారీ ఆగలేదు. సికింద్రాబాద్ లైన్లలో బురద యూనిఫాం ఉతికించుకున్నాను. తర్వాత ఫౌజ్ వదిలాను, దుకాణంలో కూర్చున్నాను. ముసురు పట్టినరోజు గిరాకీ ఉండదు. ఎవరో ఒకరు అరుగు మీద వాన తగ్గేదాకా కూర్చుని కబుర్లు చెబుతారు. నేను ఊఁ కొడతాను, వాళ్ల మాట వినబడదు. ఆనాటి బురద నీళ్లు కనబడతాయి. బర్రె ముందుకు వచ్చేస్తూ ఉంటుంది. వెనక నీళ్లమీద తోక వదిలేసిన చెయ్యి, అరచెయ్యి పైకి, వేళ్లు విప్పి. అందులో వాన పడుతూ ఉంటుంది.