మామగారి మాట మీద కోసిన దుంగ

పగలకుండా నిలిచిన గుడ్లగూబ, అదీ ఆ ఇంటి కోడలి మొదటి గెలుపు. మోటారు రంపంతో దుంగలో చెక్కిన మోకాలెత్తు బొమ్మ. చెక్కి ఏడాది దాటినా ఒంటి మీద ఒక్క నెర్రె లేదు. అంతకుముందు మూడు దుంగలు ఆమెను ఏడిపించాయి. కట్టెల అడితి నుంచి తెచ్చిన మొదటిది రాయిలా ఎండిపోయి, మోటారు రంపం పళ్ళన్నీ మొద్దుబార్చింది. రెండోది పైకి బాగానే ఉంది, లోపలంతా పురుగే. మూడోది పచ్చిది. వెన్నలా తెగింది గానీ, ఆరేకొద్దీ నడిమి మెత్తటి బెండు దగ్గర్నుంచి నిలువునా చీలి, దానిలో చెక్కిన ఎలుగుబంటిని రెండు ముక్కలు చేసింది. మానును చీల్చి బెండు లేని సగంలో చెక్కాలనీ, కోసిన కొసలకు వెంటనే రంగు పుయ్యాలనీ ఆమె పాడుచేసుకునే నేర్చుకుంది.

అసలే మొండి మనిషి. ఆ పేటలో బడి బస్సు నడిపిన మొదటి ఆడమనిషి ఆమే. ఇంజను విప్పి మళ్ళీ బిగించగలదు. ఆసుపత్రిలో పిల్లల వార్డు ముందున్న తాబేలు ఆమె చెక్కిందే. లారీ నడిపి ఇంటిపట్టున చేరిన మామగారు ఈ సంగతులన్నీ గడప తొక్కినవాళ్ళందరికీ వరసగా అప్పజెప్పేవారు. వినలేక పాలవాడు గుమ్మంలోనే గిన్నె పెట్టి పారిపోయేవాడు.

పెరట్లో దేవదారు గాలికి ఒరిగినప్పుడు, దాన్ని కోడలికే ఇస్తానన్నారాయన. ఆమె మొహం వెలిగింది. తేలిక కర్ర, ముడులు తక్కువ, కొత్తగా నేర్చే చేతికి అంతకన్నా ఏం కావాలి? అలవాటు ప్రకారం మెటల్ డిటెక్టరు తెచ్చింది. రోడ్ల పక్క మానుల్లో మేకులుంటాయని, ఎవరిచ్చిన దుంగనైనా దానితో తడిమి చూశాకే రంపం పెట్టేది.

మామగారికి అది గుచ్చుకుంది. "నేను నాటిన చెట్టుకి పరీక్షేంటమ్మా? నాకు తెలీకుండా దీన్లోకి చీమ కూడా దూరలేదు."

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆయన ఎదుటే పరీక్షిస్తే, మీ మాట నమ్మనని మొహం మీద అన్నట్టే. "సరే మామయ్యా" అని దాన్ని తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది.

ఆ దేవదారు దుంగలో గుర్రాన్ని చెక్కుతూ మెడ దగ్గరికి దిగుతుండగా రంపం కీచుమంది. రంపపు పళ్ళ గొలుసు తెగి, దాని కొస వెనక్కి కొట్టింది. చేతితొడుగు చీరుకుపోయి, కుడి బొటనవేలి మొదట్లో నరం తెగింది. తువ్వాలుతో ఆ చేతిని అదిమి పట్టుకుని ఆసుపత్రి దాకా బండిలో పక్కన కూర్చున్నది మామగారే.

ఆమెను అక్కడ చేర్చి ఆయన తిరిగొచ్చేసరికి అత్తగారు దుంగ దగ్గర నిలబడి ఉన్నారు. కోత మధ్యలో నల్లటి మరక, దానిలో వంగిన ఇనప కొక్కెం.

"బట్టల తాడుకని నేనే కొట్టించాను" అన్నారామె. "బెరడు మింగేసింది, నేనూ మరిచిపోయాను."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు లారీ ఎక్కి పోతే ఇల్లు అక్కడే ఆగిపోయేదనుకున్నారా?"

ఆయన మెట్టు మీద చతికిలబడ్డారు. తర్వాత కోడల్ని పెద్ద ఆసుపత్రికి పంపి, అక్కడ నరం కుట్టారు. రంపం పట్టేంత బిగి ఆ చేతికి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆమెను అక్కడే ఉంచి రోజూ వేలికి కసరత్తు చేయిస్తున్నారు, తోడుగా భర్త ఉన్నాడు. ఇక్కడ ఎవరైనా కోడలి ఊసెత్తితే మామగారు లేచి లోపలికి వెళ్ళిపోతున్నారు.

నిన్న ఆమే ఫోన్ చేసింది. వేలు కదులుతోందా అని అడిగారాయన.

"ఇంకా నా మాట వినట్లేదు మామయ్యా. మొండిది."

తప్పు నాదమ్మా అనబోయారు. ఈలోపే ఆమె ఆ దుంగను పారేయొద్దని, వాన తగలకుండా పట్టా కప్పమని చెప్పింది. ఆయన సరేనన్నారు. అనాల్సింది లోపలే ఉండిపోయింది. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చునే చెప్పాలని నిశ్చయించుకున్నారు. ఆమెను ఇంటికి పంపుతామని డాక్టర్లు చెప్పిన తేదీ మార్చి పద్నాలుగు.