కుసుమక్క మెయిల్ అరుణాచలం చేరిన రోజు

ఎల్బీనగర్ చౌరస్తా దాటి నాగోల్ వైపు తిరిగే రోడ్డు మీద, ఒక టైర్ల దుకాణం పైన కుసుమకుమారి ఆఫీసు ఉంది. నల్గొండ జిల్లా పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ప్రతి పౌర్ణమికీ అరుణాచలానికి బస్సు నడుపుతుంది. యాత్రకు వెళ్లే వాళ్లందరికీ ఆమె కుసుమక్కే. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ముందు సీట్లు ఇస్తుంది. కళ్లు తిరిగే వాళ్ల చేతిలో నిమ్మకాయ పెడుతుంది. గిరి చుట్టూ నడిచేటప్పుడు వెనకబడిన వాళ్లకు తానే తోడుంటుంది కాబట్టి, ఆమె ప్రదక్షిణ ఎప్పుడూ అందరికన్నా చివర ముగుస్తుంది. "దేవుడు యాడికి పోతడు, ఆడనే ఉంటడు గదా. నిమ్మళంగ నడువుండ్రి" అంటుంది.

కిందటి పౌర్ణమికి ఆమెకే ఆ నిమ్మళం లేకుండా పోయింది. అరుణాచలంలో మా బస్సు వాళ్లం దిగే సత్రానికి ఒక పద్ధతి ఉంది. వచ్చే వాళ్ల ఆధార్ కాపీలు ముందుగా మెయిల్‌లో అందాలి, అదీ కుసుమక్క సంస్థ పేరున్న మెయిల్ నుంచే. వాట్సాప్‌లో పంపితే తీసుకోరు. ఆమె పంపింది కానీ అది వాళ్లకు చేరలేదు. గదులు వేరే వాళ్లకు ఇచ్చేశారు. పెద్దవాళ్లందరూ బస్సు సీట్లలోనే నడుము వాల్చారు. ఒక్కరూ ఆమెను మాట అనలేదు. మీర్‌పేట్ నుంచి వచ్చే ఇంద్రమ్మ అయితే తన దుప్పటి తీసి ఆమెకే కప్పింది. ఇంకోసారి ఇట్లా జరిగితే యాత్రలు మానేస్తానని కుసుమక్క ఆమెకు రహస్యంగా చెప్పింది. ఇంద్రమ్మ ఆ రహస్యాన్ని మాకందరికీ విడివిడిగా చెప్పింది.

మళ్లీ పౌర్ణమి దగ్గరపడింది. సాయంత్రంలోగా మెయిల్ అందకపోతే గదులు లేవని సత్రం నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున పంపిన మెయిల్ అప్పటికే తిరిగొచ్చింది. అదృష్టం కొద్దీ ఆ రోజు శనివారం. ఇంద్రమ్మ తన కోడలు సౌజన్యను వెంటబెట్టుకుని వచ్చింది. సౌజన్య ఒక కంపెనీలో ఇట్లాంటి మెయిల్ పనులే చూస్తుంది. సీటు చెప్పుకుందామని వెళ్లిన నేను కూడా అక్కడే కూర్చుండిపోయాను.

"తిరిగొచ్చిన మెయిల్ల ఏం రాసిండ్రో చదివిండ్రా ఆంటీ?" అని సౌజన్య అడిగింది.

"ఇంగ్లీషుల బారెడు ఉండె బిడ్డా. ఏదో అడ్వర్‌టైజ్‌మెంట్ అనుకొని తీసేసిన."

సౌజన్య ఆమె డొమైన్ సెట్టింగులు తెరిచింది. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో ఆ సంస్థకున్న సొంత పేరు. ఆ పేరుతో మెయిల్ పంపడానికి ఎవరికి అనుమతి ఉందో ఆ సెట్టింగుల్లో ఒక వరుసగా రాసి పెడతారు. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. మెయిల్ అందుకునే వాళ్ల కంప్యూటరు ముందు ఆ వరుస చూసుకుని, తర్వాతే లోపలికి రానిస్తుంది.

"ఇది ఒక్కటే ఉండాలె ఆంటీ. మీకు మూడున్నయేంది?"

"మొదటిది దసరా నాడు మా బావ కొబ్బరికాయ కొట్టి పెట్టిండు. మెయిల్ కంపెనీ మారినప్పుడల్ల వాళ్లు కొత్తది పెట్టుమన్నరు, పెట్టిన. పాతది తియ్యుమని ఎవ్వరు అనలే. అన్నా తియ్యకపోయేదాన్ని. పూజ చేసి పెట్టినదాన్ని ఎట్ల చెరుపుత?"

సౌజన్య గోడ వైపు చూసింది. ఒకే మేకుకు ఏళ్ల తరబడి క్యాలెండర్లు వేలాడుతున్నాయి. ప్రతిదాని మీదా దేవుడి బొమ్మ ఉంటుంది కాబట్టి పాతది తీయడానికి కుసుమక్కకు చేతులు రావు. దాని మీదనే కొత్తది తగిలిస్తుంది.

"మీ డొమైన్ సుత గా మేకు లెక్కనే ఉంది ఆంటీ" అని సౌజన్య నవ్వింది.

"మేకు గట్టిదే, ఇంక ఊడలే" అంది ఇంద్రమ్మ.

చాయ్ తెచ్చిన డ్రైవర్ రాజుకు విషయం వెంటనే అర్థమైంది. "ఒక్క బండికి మూడు పర్మిట్లు చూపిస్తే చెక్‌పోస్టు కాడ పక్కకు పెట్టరా అక్కా?"

"గంతే అన్నా. ఏది నమ్మాల్నో తెల్వక ఒక్కటి సుత నమ్మరు" అంది సౌజన్య.

"మరి ఇన్ని దినాలు పోయినయ్ గదా?" అని కుసుమక్క అడిగింది.

"జర చూసి చూడనట్టు వదిలిండ్రు. ఇప్పుడు గట్టిగ చూస్తుండ్రు."

సీటు బుక్ అయిందన్న కబుర్లు ఇప్పటికీ సంస్థ వెబ్‌సైట్ నుంచే వెళ్తాయి కాబట్టి, బావ రాసిపెట్టిన వెబ్‌సైట్ కంపెనీ పేరు ఉండాల్సిందే. ఇప్పటి మెయిల్ కంపెనీ పేరునూ అదే వరుసలో చేర్చాలి. నడిమిది ఎప్పుడో మానేసిన సర్వీసు, దాన్ని తీసేయాలి.

"ఖాళీ చేసి పోయినోళ్ల కాడ మన ఇంటి తాళంచెవి ఎందుకు ఆంటీ?"

కుసుమక్కకు మనసొప్పలేదు. హయత్‌నగర్‌లో ఉండే బావ అంతయ్యకు ఫోన్ చేసి, మీరు పెట్టినదాన్ని కదిలించాల్సి వస్తోందని భయంభయంగా చెప్పింది. స్పీకర్‌లో ఆయన నవ్వు వినిపించింది.

"నేను కొబ్బరికాయ కొట్టింది నీ పని సాగాలని పిల్లా, గా అక్షరాలకు కాదు. గా కొబ్బరి సుత మీ అక్క అప్పుడే పచ్చడి చేసింది. ఇంక దేనికి పరేషాన్?"

అప్పుడు కుసుమక్క కంప్యూటరును తాకి కళ్లకద్దుకుని, అదే చేతితో తానే ఆ మూడింటినీ తీసి, సౌజన్య చెప్పినట్టు ఒక్కటిగా రాసింది. తర్వాత డీకిమ్ అనేది పెట్టారు. వెళ్లే ప్రతి మెయిల్ మీదా సంస్థ ముద్ర పడేలా చేసే సెట్టింగు అది. దారిలో ఎవరైనా మెయిల్‌ను మారిస్తే ఆ ముద్ర సరిపోలదు. చివరగా డీమార్క్.

"రేపు ఎవడన్న మీ పేరు పెట్టుకొని, పైసలు కట్టుండ్రని మీ యాత్రికులకు మెయిల్ కొడితే? గసుంటివి ఏం చెయ్యాల్నో దీంట్ల చెప్పి పెడ్తం. మొదలు ఉత్తగ గమనిద్దాం. మనయన్ని సక్కగ పోతున్నయని తెలిసినంక, దొంగయి ఆపుమందాం."

"నా బస్సు బోర్డు ఇంకోడు తగిలిచ్చుకోకుండనా?"

"ఆ, గట్లనే."

మార్పులు అంతటా తెలియడానికి కాసేపు పడుతుందని సౌజన్య చెప్పింది. కుసుమక్క దీపం వెలిగించి కూర్చుంది. రాజు రెండోసారి చాయ్ తెచ్చాడు. ముందు సౌజన్యకు పంపి చూశారు, చక్కగా చేరింది. ఆధార్ కాపీలన్నీ జతచేసి సత్రానికి పంపారు. చీకటి పడకముందే జవాబు వచ్చింది.

"జర నువ్వే చదువు బిడ్డా."

"అందినయంట ఆంటీ. పెద్దోళ్లు ఎక్కువున్నరని గదులన్ని కిందనే ఇచ్చిండ్రు, మెట్లు ఎక్కే పని లేదు."

కుసుమక్క దేవుడికి దండం పెట్టి, సౌజన్య తల నిమిరి, వెంటనే ఫోన్ అందుకుంది. యాత్రికులందరిలోకి పెద్దది అండాలమ్మ. మొదటి ఫోన్ ఆమెకే.

"అత్తమ్మా, గదులు దొరికినయ్. ఈపాలి బస్సుల పండుకునుడు లేదు."

"ముందుగాల చెప్పొద్దా? బస్సుల పండుకునేటందుకని తలకిందికి మెత్త కుట్టిచ్చుకున్న. ఇప్పుడు దాన్నేం జెయ్యాలె?"

"యాత్ర మానుకోలేదా మరి, కిందటిపాలి అంత కష్టమైనంక?"

"ఎందుకు మానుకుంటనే? నువ్వొస్తున్నవు గదా."

కుసుమక్క కొంగుతో ముఖం తుడుచుకుని అంది.

"మెత్త సుత తేండ్రి అత్తమ్మా. రాజు నడుముకు పెడదాం."