పెరుగన్నానికి పిలుపు

1934 మార్చి 9, శుక్రవారం. వడ్లు దంచాను, మజ్జిగ చిలికాను, రెండు బిందెల కాలవ నీళ్ళు కాచి చల్లార్చాను. వాకిట్లోకి వస్తే ఎదురింటి గుమ్మానికి వేపమండలు కనిపించాయి.

కొల్లేటి ఒడ్డున నాతో చదువుకున్న మీకందరికీ గుర్తుందా? ఎవరింట్లో పిల్లకు మశూచి పోసినా, అమ్మవారు చల్లబడాలని మనల్ని ఆ మంచం చుట్టూ కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టేవారు. అలా తినొచ్చిన మా చెల్లి రత్నం, రెండో తరగతి పిల్ల, నెల తిరక్కుండా పోయింది. "అమ్మవారు ముచ్చటపడి తీసుకెళ్ళింది," అన్నారు పెద్దలు. ముచ్చటేమిటి? పిలిచి మరీ అంటించారు!

ఎదురింటావిడ రానే వచ్చింది. "వదినగారూ, మీ అమ్మాయిని పెరుగన్నానికి పంపండి."

"పంపనండీ."

"అమ్మవారికి కోపం వస్తుందండీ!"

"రానివ్వండి. నాకు ముప్ఫై ఏళ్ళనుంచీ ఉంది."