వెనుక వరుస

కరీంనగర్ పాత శ్మశానంలో, నడుమెత్తు పెరిగిన పిచ్చిచెట్ల నడుమ, రిటైర్డు లెక్చరర్ దామోదర్‌రావు రోజూ పొద్దున నడుస్తాడు. పాలరాతి సమాధి కనబడితే చేతికర్రతో తట్టి, "సచ్చినా వర్గభేదం పోలే" అంటాడు. కంప ఆయన పంచె పట్టుకుంటే కాటికాపరి శంకరవ్వ వంగి మెల్లగా విడిపిస్తుంది. విప్లవం వస్తే అందరిదీ ఒకే వరుస అని ఆమెకు ఏళ్లుగా చెబుతున్నాడు. మొన్న గుండెపోటు వచ్చి, రాజన్న దేవుడి దయవల్ల బయటపడ్డాక, తనకూ ఒక జాగా చూడమన్నాడు. ఆమె వెనుక వరుస చూపించింది.

"గేటు కాడ, గా వేపచెట్టు కింద లేదా శంకరవ్వా? వచ్చిపోయేటోళ్లకు కనబడాలె గద!"

శంకరవ్వ నవ్వకుండానే అడిగింది.

"గాడ బీడీలు చేసే నర్సవ్వ పండుకున్నది సారూ. జర జరుగుమని అడగాల్నా?"